ఉష్ణం, పని: అణువు వైపు నుంచి చూస్తే తేలే అపోహలు - వాస్తవాలు

ఉష్ణగతిక శాస్త్రం బోధిస్తుంటాను. నా దగ్గరికి వచ్చే విద్యార్థులు లెక్కల్లో పెద్దగా తడబడరు. మొదటి నియమం (వస్తువులో పెరిగిన శక్తికీ, ఉష్ణంగా, పనిగా లోపలికి వచ్చిన శక్తికీ లెక్క సరిపోవాలన్నది) రాస్తారు, గుర్తులు సరిగ్గా వేస్తారు, జవాబు రాబడతారు. “ఇంతకీ సిలిండర్ లోపల వాయు అణువుకు ఏం జరిగింది?” అని అడిగితే మాత్రం మౌనమో, తప్పు జవాబో ఎదురవుతుంది. సూత్రం వచ్చినవాళ్లకు ఆ లోపలి దృశ్యం కూడా కళ్లకు కట్టాలన్నది నా పట్టుదల. అందుకే ఎక్కువగా వినిపించే అపోహలను తీసుకుంటున్నాను.

అపోహ: వేడి వస్తువులో ఉష్ణం ఎక్కువగా నిల్వ ఉంటుంది.

వాస్తవం: నిల్వ ఉండేది అంతర్గత శక్తి. అణువుల గతిజ శక్తి, వాటి మధ్య ఆకర్షణ వికర్షణల వల్ల కలిగే స్థితిజ శక్తి అందులో భాగాలు. ఉష్ణం, పని అనేవి ఆ శక్తి వస్తువు సరిహద్దును దాటే రెండు పద్ధతులు. దాటడం పూర్తయ్యాక ఏ జౌలు (శక్తిని కొలిచే ప్రమాణం) ఏ దారిన లోపలికి వచ్చిందో చెప్పే గుర్తు ఏ అణువు మీదా మిగలదు.

ఈ అపోహకు పెద్ద చరిత్రే ఉంది. ఉష్ణాన్ని ‘కెలోరిక్’ అనే ద్రవంగా ఊహించిన కాలంలో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లావోయిజర్ దాన్ని 1789లో మూలకాల పట్టికలోనే చేర్చాడు. మ్యూనిక్‌లో ఫిరంగి గొట్టాలను తొలిచే పనిని పరిశీలించిన శాస్త్రవేత్త రమ్‌ఫోర్డ్, తొలుస్తున్నంతసేపూ వేడి పుడుతూనే ఉందని 1798లో ప్రకటించాడు. లోహంలో దాగిన ద్రవమే అయితే ఎక్కడో ఒకచోట అయిపోవాలి కదా! ఆ తర్వాత 1840లలో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జౌల్, కిందికి దిగే బరువులతో తెడ్లు తిప్పించి, నీటిని చిలికి వేడెక్కించాడు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.18 జౌళ్ల పని చాలు. అక్కడ మంట లేదు, బయటి నుంచి వచ్చిన ఉష్ణమూ లేదు.

అపోహ: వాయువును నొక్కితే అణువులు ఇరుకులో ఒకదానితో ఒకటి రాసుకుని వేడెక్కుతాయి.

వాస్తవం: అన్నింటికంటే ఎక్కువగా వినేది ఇదే. పుస్తకాలు కూడా దీన్ని నేరుగా ఖండించవు కాబట్టి కాస్త నిలబడి చూద్దాం.

రెండు అణువులు ఢీకొంటే ఒకదాని శక్తి ఇంకోదానికి చేరుతుందే తప్ప వాటి మొత్తం శక్తి పెరగదు. ఎంత ఇరుకైనా అంతే. శక్తి వచ్చేది పిస్టన్ నుంచి. మనవైపు వచ్చే బంతిని బ్యాటు ముందుకు ఊపి కొడితే అది వచ్చినదానికంటే వేగంగా వెనక్కి వెళ్తుంది. పిస్టన్ దగ్గర జరిగేదీ అదే. సెకనుకు 500 మీటర్ల వేగంతో వచ్చిన నైట్రోజన్ అణువుకు, సెకనుకు ఒక మీటరు వేగంతో ఎదురొచ్చే పిస్టన్ తగిలితే, అది 502 మీటర్ల వేగంతో తిరిగి వెళ్తుంది. లాభం కేవలం రెండు మీటర్లు. కానీ పది సెంటీమీటర్ల సిలిండర్‌లో ఆ అణువు ఒంటరిగా నిటారుగా అటూ ఇటూ తిరుగుతుందనుకుంటే, పిస్టన్‌ను సెకనుకు 2,500 సార్లు తాకుతుంది. పిస్టన్ ఐదు సెంటీమీటర్లు జరిగేసరికి, అంటే సెకనులో ఇరవయ్యో వంతులో, చిన్న చిన్న లాభాలన్నీ కలిసి దాని వేగం రెట్టింపవుతుంది. గతిజ శక్తి నాలుగు రెట్లవుతుంది.

నిజమైన గాలిలో ఏ అణువూ అలా ఒంటరిగా తిరగదు. సాధారణ పీడనంలో సగటున ఒక మీటరులో కోటిన్నరో వంతు దూరం పోయేలోపే మరో అణువును ఢీకొంటుంది. ఆ ఢీల పని పంపిణీ మాత్రమే: పిస్టన్ ఒక దిశలో ఇచ్చిన శక్తిని అన్ని దిశలకూ, అణువుల భ్రమణానికీ పంచిపెడతాయి. డీజిల్ ఇంజన్ నడిచేది నొక్కితే వేడెక్కే ఈ గుణం మీదే. 300 కెల్విన్ల గాలిని, ఉష్ణం బయటకు పోనివ్వకుండా పద్దెనిమిదో వంతుకు కుదిస్తే లెక్క ప్రకారం సుమారు 950 కెల్విన్లకు చేరుతుంది. ఇంధనం అంటుకోవడానికి నిప్పురవ్వ అక్కర్లేదు.

ఇప్పుడు పిస్టన్‌ను ఆపి, సిలిండర్ గోడను వేడి చేయండి. గోడలోని పరమాణువులు తమ స్థానాల్లోనే ఎవరి దారిన వారు కంపిస్తుంటాయి. వాయు అణువు తాకిన క్షణంలో ఒక పరమాణువు ఎదురు వస్తుండవచ్చు, ఇంకొకటి వెనక్కి పోతుండవచ్చు. ఒక ఢీలో లాభం, మరో ఢీలో నష్టం. గోడ వేడిగా ఉంటే సగటున లాభమే ఎక్కువ. ఉష్ణం అంటే ఈ గజిబిజి మార్పిడి. గోడ పరమాణువులన్నీ కలిసికట్టుగా ఒకే దిశలో జరిగితే అది పని. ఈ తేడా స్పష్టమైతే మిగతా సగం సందేహాలు వాటంతటవే వీగిపోతాయి.

అపోహ: వ్యాకోచిస్తే వాయువు తప్పకుండా చల్లబడుతుంది.

వాస్తవం: వెనక్కి జరిగే పిస్టన్‌ను తాకితేనే అణువు వేగం కోల్పోతుంది. శూన్యంలోకి వ్యాకోచించేటప్పుడు వెనక్కి జరిగే గోడ ఏదీ లేదు, కాబట్టి ఆదర్శ వాయువు (అణువుల మధ్య ఆకర్షణ వికర్షణలు లేవని ఊహించిన వాయువు) ఉష్ణోగ్రత మారదు. నిజ వాయువులు సాధారణంగా కొద్దిగా చల్లబడతాయి. పరస్పర ఆకర్షణను దాటి దూరం జరగడానికి అణువులు కొంత గతిజ శక్తిని వెచ్చించాల్సి రావడమే దానికి కారణం.

అపోహ: ఉష్ణం ఇస్తే ఉష్ణోగ్రత పెరిగి తీరాలి.

వాస్తవం: సాధారణ వాతావరణ పీడనంలో 100 డిగ్రీల వద్ద ఒక కిలో నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి సుమారు 2,257 కిలోజౌళ్లు కావాలి. అంత శక్తి లోపలికి వెళ్లినా థర్మామీటర్ కదలదు. ఎక్కువ భాగం అణువులను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలను తెంచడానికి పోతుంది. ఇంకో వాటా ఉందని చాలామంది గమనించరు. ఒక లీటరు నీరు దాదాపు 1,670 లీటర్ల ఆవిరి అవుతుంది. అంత చోటు కోసం చుట్టూ ఉన్న వాతావరణాన్ని నెట్టాలి. ఆ పనికే సుమారు 170 కిలోజౌళ్లు ఖర్చవుతాయి. ఉష్ణంగా వచ్చిన శక్తిలో కొంత అప్పటికప్పుడే పనిగా బయటకు వెళ్లిపోతోందన్నమాట.

అపోహ: అణువులు ఎంత వేగంగా కదిలితే వస్తువు అంత వేడిగా ఉంటుంది.

వాస్తవం: విమానంలోని గ్యాస్ సిలిండర్ సెకనుకు 250 మీటర్ల వేగంతో పోతున్నా లోపలి వాయువు వేడెక్కదు. అణువులన్నిటికీ ఉమ్మడిగా ఉన్న వేగం ఉష్ణోగ్రత లెక్కలోకి రాదు. ఉష్ణ నిరోధకంగా ఉన్న ఆ సిలిండర్‌ను హఠాత్తుగా ఆపితే మాత్రం ఉమ్మడి చలనం చిందరవందరై, లోపలి నైట్రోజన్ సుమారు 42 డిగ్రీలు వేడెక్కుతుంది.

అపోహ: పని అంటే శక్తి స్థాయిలు మారడం, ఉష్ణం అంటే అణువులు స్థాయిలు మారడం. అంతే, వేరే మాట లేదు.

వాస్తవం: ఇది కాస్త పై తరగతుల వారి అపోహ. సగం నిజం కాబట్టే మరింత మొండిది. క్వాంటం సిద్ధాంతం ప్రకారం పెట్టెలో బంధించిన కణానికి కొన్ని నిర్ణీత శక్తి విలువలే సాధ్యం, వాటినే శక్తి స్థాయిలంటారు. పెట్టె పొడవును సగం చేస్తే అందులోని కణపు ప్రతి శక్తి స్థాయీ నాలుగు రెట్లవుతుంది. మన ఒంటరి అణువు లెక్కలో వచ్చినదీ ఆ నాలుగు రెట్లే! పిస్టన్‌ను నెమ్మదిగా నొక్కితే అణువులు తామున్న స్థాయిల్లోనే ఉండగా స్థాయిలే పైకి లేస్తాయి. ఉష్ణం ఇస్తే స్థాయిలు కదలవు, ఏ స్థాయిలో ఎన్ని అణువులున్నాయన్న పంపకం మారుతుంది. ఎంత అందమైన చిత్రం ఇది! కానీ ఇది నెమ్మదిగా జరిగే ప్రక్రియలకే వర్తిస్తుంది. జౌల్ తెడ్లు నీటి మీద చేసింది నిస్సందేహంగా పనే, అయినా అక్కడ మారింది పంపకం. పిస్టన్‌ను విసురుగా తోసినా కొన్ని అణువులు స్థాయిలు దాటతాయి, ఎంట్రోపీ (శక్తి, అణువులు ఎంతగా చెదిరి పరుచుకున్నాయో చెప్పే కొలత) పెరుగుతుంది.

అపోహ: ఉష్ణాన్ని పూర్తిగా పనిగా మార్చడం ఎప్పటికీ కుదరదు.

వాస్తవం: ఒక్కసారికి కుదురుతుంది. ఆదర్శ వాయువును వేడి గోడకు ఆనించి, ఉష్ణోగ్రత మారకుండా నెమ్మదిగా వ్యాకోచించనివ్వండి. వెనక్కి జరిగే పిస్టన్ దగ్గర అణువులు పోగొట్టుకున్నదంతా గోడ దగ్గర తిరిగి సంపాదించుకుంటాయి. తీసుకున్న ఉష్ణమంతా పని అవుతుంది. కాకపోతే వాయువు ఇప్పుడు ఎక్కువ చోటులో పరుచుకుని ఉంది. ఇంజన్ మళ్లీ తిరగాలంటే దాన్ని మొదటి స్థితికి తేవాలి. పెరిగిన ఎంట్రోపీని చల్లని గోడకు ఉష్ణంగా వదలకుండా అది సాధ్యం కాదు. ఫ్రెంచ్ ఇంజనీర్ కార్నో 1824లో చూపిన హద్దు ఈ పూర్తి చక్రానికే వర్తిస్తుంది: వేడి వైపు 600, చల్లని వైపు 300 కెల్విన్లు ఉంటే, తీసుకున్న ఉష్ణంలో సగానికి మించి ఏ ఇంజనూ పనిగా మార్చలేదు.