మెట్ల మీద ఆ ఫైట్: అపోహలు - వాస్తవాలు

ఫైట్స్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తానని తెలిస్తే చాలు, ‘అటామిక్ బ్లాండ్’ గురించి, అందులో హీరోయిన్ మెట్ల మీద చేసే ఫైట్ గురించి అడిగేవాళ్ళు ఎక్కువ. 2017లో వచ్చిన సినిమా, 1989లో బెర్లిన్ గోడ కూలే రోజుల్లో నడిచే గూఢచారి కథ. డేవిడ్ లీచ్ దర్శకుడు, ఛార్లీజ్ థెరాన్ బ్రిటిష్ ఏజెంట్‌గా చేసింది.

అపోహ: మెట్ల మీద ఫైట్ మొత్తం ఎక్కడా కట్ లేకుండా తీసిన ఒకే షాట్.

కాదు. దాదాపు 40 షాట్లు తీసి అతుకు కనపడకుండా కలిపారు. కెమెరా గబుక్కున పక్కకి తిరిగినప్పుడో, ఎవరి వీపో గోడో ఫ్రేమ్‌ని కప్పేసినప్పుడో జాగ్రత్తగా చూడండి, కట్ అక్కడే దాక్కుంటుంది. అలాగని కష్టం తగ్గలేదు. మామూలుగా నాలుగు దెబ్బలకి కట్ చెప్పి యాంగిల్ మారుస్తాం, అందరూ కాస్త ఊపిరి పీల్చుకుంటారు. పొడవాటి షాట్‌లో పదిహేనో మూవ్ దగ్గర ఒక ఫైటర్ అర సెకను లేటుగా పడ్డాడంటే మళ్ళీ మొదటి నుంచీ చేయాల్సిందే. కెమెరా పట్టుకున్న మనిషి కూడా వాళ్ళతోపాటు మెట్లు ఎక్కుతూ దిగుతూ రిహార్సల్ చేయాలి.

అపోహ: అంత సన్నటి అమ్మాయి అంతంత మనుషుల్ని కొడితే నమ్మలేం.

ఇది నాకు అస్సలు నచ్చని మాట. బలానికి బలం పెట్టి కంపోజ్ చేస్తే నిజంగానే నమ్మరు. ఈ సినిమాలో అలా చేయలేదు. కారులో ఆమె ఆయుధం కాలికున్న ఎర్ర చెప్పు మడమ, అపార్ట్‌మెంట్‌లో నీళ్ళ పైపు. చేతికి ఏది దొరికితే అది. అన్నిటికన్నా ముఖ్యం, ఆమె అలిసిపోతుంది. మెట్ల ఫైట్ నడిచేకొద్దీ ఆమెకీ, ఎదుటివాడికీ కాళ్ళు నిలవవు, గోడ పట్టుకుని లేస్తారు, విసిరిన చెయ్యి గురి తప్పుతుంది. నేపథ్య సంగీతం లేదు, వినపడేది ఆయాసం, మూలుగులు, బూట్ల చప్పుడు. ఎంత కొట్టినా చీర నలగకూడదు, జుట్టు చెదరకూడదు అని మన దగ్గర అడిగినప్పుడు నాకు బాధేసేది ఇందుకే, హీరోయిన్‌ని అలవనివ్వకపోతే ఆమె గెలుపుకి విలువుండదు.

ఇంకోటి, ఫైట్ నిలబడేది దెబ్బ తినేవాడి మీద. పిడికిలి ముఖానికి తగలకుండా పక్కనుంచి పోతుంది, మధ్యలో ఖాళీ కనపడకుండా కెమెరా పెడతాం. తల ఒక్క క్షణం ముందు తిరిగినా, లేటుగా తిరిగినా మొత్తం అబద్ధమని తెలిసిపోతుంది. హీరోయిన్ దెబ్బకి బరువు తెచ్చేది ఎదురుగా ఉన్న ఫైటరే, అతని పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

అపోహ: అంతా డూపే చేస్తుంది. లేదా, అంతా తనే చేసేసింది.

రెండూ తప్పే. థెరాన్ నెలల తరబడి ట్రైనింగ్ తీసుకుంది, పళ్ళు గట్టిగా బిగించీ బిగించీ రెండు పళ్ళు పగిలి సర్జరీ చేయించుకోవాల్సి వచ్చింది. చిన్నప్పుడు బ్యాలే నేర్చుకుంది కాబట్టి మూవ్‌ల వరుస త్వరగా పట్టుకోగలిగింది. మన దగ్గర కూడా కూచిపూడి, భరతనాట్యం వచ్చిన అమ్మాయిలు ఫైట్ ఎంత తొందరగా నేర్చుకుంటారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అలాగే ఆమెకి మోనిక్ గాండర్టన్ అనే స్టంట్ డబుల్ ఉంది, దాన్ని దాచాల్సిన పనేం లేదు. మగ ఫైటర్‌కి విగ్ పెట్టి హీరోయిన్ డూప్‌గా దించే అలవాటు మాత్రం పూర్తిగా పోవాలి, చేయగల అమ్మాయిలు ఉన్నారు.

అపోహ: ఆడవాళ్ళ యాక్షన్ హాలీవుడ్ నుంచి వచ్చింది.

1990లో ‘కర్తవ్యం’లో పోలీసుగా చేసిన విజయశాంతికి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ఇంకేం చెప్పను?

అపోహ: స్టంట్స్‌కి ఆస్కార్ ఉండదు.

ఇన్నాళ్ళూ లేదు, నిజమే. 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి స్టంట్ డిజైన్‌కి అవార్డు ఇస్తామని అకాడమీ 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. దానికోసం గట్టిగా పట్టుబట్టినవాళ్ళలో డేవిడ్ లీచ్ ఒకరు, ఆయన ఒకప్పుడు బ్రాడ్ పిట్‌కి డూప్‌గా చేసిన స్టంట్ మనిషే.