రైలు రాని ఊరు: నికోడెమస్

2020 జనాభా లెక్కల్లో నికోడెమస్‌లో తేలినవారు 14 మంది. ఏటా జూలై ఆఖరున మాత్రం అక్కడికి వందల మంది వస్తారు, ఎక్కువగా ఆ ఊరి పిల్లలు, వారి పిల్లలు. ఇంత మంది సొంత ఊరు ఎందుకు ఖాళీ అయింది?

నికోడెమస్ అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం, గ్రాహం కౌంటీలో ఉంది. ఊరి పేరే దాని టౌన్‌షిప్‌కూ ఉంది. ఆ రాష్ట్రంలో టౌన్‌షిప్ అంటే కొత్తగా వేసిన కాలనీ కాదు, కౌంటీలో ఒక చిన్న పాలనా విభాగం.

1877లో నల్లజాతి మత ప్రచారకుడు డబ్ల్యూ.హెచ్. స్మిత్, తెల్లజాతి భూవ్యాపారి డబ్ల్యూ.ఆర్. హిల్ మరికొందరితో కలిసి ఈ ఊరికి పునాది వేశారు. బానిసత్వం పోయినా దక్షిణాదిలో భయం పోని రోజులవి. సొంత భూమి అన్న మాట విని కెంటకీ నుంచి మూడు వందల మందికి పైగా బయలుదేరారు. ఎల్లిస్‌లో రైలు దిగి, దాదాపు 55 కిలోమీటర్లు నడిచారు. తీరా చేరితే ఊరు కనిపించలేదు. నేలలోంచి పొగ లేస్తోంది. కలప దొరకని ఆ మైదానంలో ముందు వచ్చినవారు నేలను తవ్వుకుని అందులోనే కాపురం ఉంటున్నారు. అది చూసి ఏడ్చినవారున్నారు, వెనుదిరిగినవారూ ఉన్నారు. ఆ చలికాలం వేటకు వచ్చిన ఒసేజ్ తెగవారు తమ మాంసంలో వాటా ఇచ్చి మిగిలినవారి ఆకలి తీర్చారు. పారలతో, చేతి గొడ్డళ్లతో బీడు పగలగొట్టిన ఆ మనుషులు పదేళ్లు తిరగకుండానే దుకాణాలు, చర్చిలు, హోటలు, రెండు పత్రికలు నిలబెట్టారు.

ఇక కావలసింది రైలు. 1887లో టౌన్‌షిప్ ఓటర్లు రైలు కంపెనీని రప్పించడానికి 16,000 డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నారు. అయినా మిస్సోరి పసిఫిక్ రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ పట్టాలు సాలమన్ నదికి అవతలి ఒడ్డున పడ్డాయి. వ్యాపారులు తట్టాబుట్టా సర్దుకుని, కొందరు భవనాలనే ఊడదీసుకుని, పట్టాల పక్కన వెలసిన బోగ్‌కు వెళ్లిపోయారు. 1930ల కరువు, ధూళి తుఫానులు తర్వాత పెద్ద దెబ్బ తీశాయి, నిజమే. కానీ ఊరి నడుం విరిగింది 1888లోనే అని నేను నమ్ముతాను. 1953లో పోస్టాఫీసు మూతపడింది, తర్వాత బడి.

1996లో ఈ ఊరిని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. రెండు చర్చిలు, హోటలు, బడి, 1939లో సున్నపురాతితో కట్టిన టౌన్‌షిప్ హాలు: ఆ అయిదూ ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. వెస్టిండీస్ బానిసల విముక్తిని తలచుకుంటూ 1878లో మొదలైన ఆ వేసవి వేడుక కోసమే వలస వెళ్లినవారి వంశాలు ఏటా ఇక్కడికి తిరిగి వస్తాయి.