ఇంట్లో లేని మనిషి పలికితే

సి9ఆర్ఫ్72. మన ఒంట్లోని ఒక ప్రోటీన్‌కు శాస్త్రవేత్తలు పెట్టిన పేరిది. అది చేసే పనేమిటో తెలియని రోజుల్లో, జన్యువు తొమ్మిదో క్రోమోజోములో ఉంది కాబట్టి, లెక్క కోసం తగిలించిన నంబరు. 2011లో దాని దశ మారింది. కండరాలను కదిలించే నరాలు చచ్చుబడిపోయే ఏఎల్ఎస్ జబ్బు వంశపారంపర్యంగా రావడానికి తెలిసిన కారణాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఈ జన్యువులోని లోపమేనని తేలింది. ఆరు డీఎన్ఏ అక్షరాల ముక్క ఒకటి అక్కడ వందల సార్లు, వేల సార్లు రిపీట్ అవుతుంది.

ఇంతకీ ఈ ప్రోటీన్ కణంలో ఎక్కడుంటుంది? అది కంటికి కనిపించదు. దాన్ని మాత్రమే వెతికి పట్టుకునే యాంటీబాడీ కావాలి. చాలావాటిని కుందేళ్లకు ప్రోటీన్ ముక్క ఎక్కించి తయారుచేస్తారు.

కణాల్ని చితక్కొట్టి, ప్రోటీన్లను జెల్‌లో సైజు ప్రకారం విడదీసి, పల్చటి పొర మీదికి ఎక్కించి, దానిమీద యాంటీబాడీ పోస్తారు. అంటుకున్నచోట నల్లటి గీత వస్తుంది. ఈ ప్రోటీన్ బరువు సుమారు 54 కిలోడాల్టన్లు. సరిగ్గా అక్కడే గీత కనిపిస్తే ఎవరికైనా సంతోషమే. కానీ కణంలో వేల ప్రోటీన్లుంటాయి, అదే సైజువి ఇంకెన్నో.

మనిషిని బయటికి పంపించేసి, ఇంటి ముందు నిలబడి పేరు పెట్టి పిలవండి. లోపలినుంచి "ఆఁ" అని వినిపిస్తే పలికింది ఇంకెవరో అన్నమాట. కెనడాలో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2019లో ప్రచురించిన పరీక్ష అచ్చం ఇలాంటిదే. డీఎన్ఏను కోరినచోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో ఆ జన్యువును పనిచేయకుండా చేసిన కణాల్ని, మామూలు కణాల్ని పక్కపక్కనే పెట్టి, మార్కెట్లో దొరికే యాంటీబాడీలను పోసి చూశారు. ప్రోటీనే లేని వరుసలోనూ గీత చెక్కుచెదరకుండా ఉందంటే, ఆ యాంటీబాడీ పట్టుకున్నది వేరే దాన్ని. బాధ కలిగించే విషయమేమిటంటే, ఎంతోమంది ఉదహరించిన పరిశోధనల్లో వాడిన యాంటీబాడీలు కొన్ని సి9ఆర్ఫ్72ను అసలు గుర్తుపట్టనే లేదు. మందు కోసం ఎదురుచూసే రోగులున్న జబ్బులో ఇలా దారి తప్పడం చిన్న సంగతి కాదు.

ఆ తర్వాత మెదడుకు సంబంధించిన 65 ప్రోటీన్ల మీద 614 యాంటీబాడీలను ఇదే పద్ధతిలో పరీక్షించారు. గురి తప్పిన యాంటీబాడీలతో, ఒక్కో ప్రోటీన్ మీద సగటున 12 పరిశోధనా పత్రాలు అప్పటికే అచ్చయిపోయి ఉన్నాయి.

2019 పరీక్షలో నెగ్గిన మంచి యాంటీబాడీలు మాత్రం అసలు చిరునామా చూపించాయి. సి9ఆర్ఫ్72 కనిపించింది లైసోజోముల దగ్గర, కణం తన చెత్తను అరిగించుకునే చోట.