ఆపేసినా చల్లారని వేడి

అణు విద్యుత్ కేంద్రం అనగానే చాలామంది మనసులో మెదిలేది అణుబాంబు. హిరోషిమా, నాగసాకి మిగిల్చిన గాయం అలాంటిది. అయితే విద్యుత్ రియాక్టర్ అణుబాంబులా పేలడం భౌతికశాస్త్రం ప్రకారం కుదరని పని. బాంబులకు వాడే యురేనియంలో, సులువుగా చీలే రకమైన యు-235 సుమారు 90 శాతం ఉంటుంది. మామూలు రియాక్టర్ ఇంధనంలో 3 నుంచి 5 శాతం మించదు. చెర్నోబిల్‌లో రియాక్టర్‌ను బద్దలుకొట్టింది ఆవిరి, ఫుకుషిమాలో భవనాల పైకప్పులు లేపేసింది హైడ్రోజన్ వాయువు.

ఇంతవరకు చెప్పి, 'కాబట్టి భయం అనవసరం' అని ముగించేవారితో నేను ఏకీభవించను. భయపడవలసినది ఒకటుంది. దాని గురించి మాట్లాడేవారే తక్కువ.

యురేనియం కేంద్రకం చీలినప్పుడు ఏర్పడే ముక్కలు కూడా అస్థిరమైనవే. నియంత్రణ కడ్డీలు దించితే కేంద్రకాలు చీలే గొలుసు చర్య క్షణాల్లో ఆగిపోతుంది. కానీ అప్పటికే పోగుపడిన ఆ ముక్కలు క్షీణిస్తూ వేడిని వెలువరిస్తూనే ఉంటాయి. వాటిని ఆపే మీట ఏదీ లేదు. రియాక్టర్‌ను ఆపిన మరుక్షణం ఈ వేడి పూర్తి స్థాయిలో ఆరేడు శాతం ఉంటుంది. గంట గడిచేసరికి ఒకటిన్నర శాతానికి, ఒక రోజుకు అర శాతం దరిదాపులకు దిగుతుంది. అర శాతమే కదా అనిపిస్తుంది. 3,000 మెగావాట్ల ఉష్ణం పుట్టించే రియాక్టర్‌లో అది 15 మెగావాట్లు. ఒక్కో కిలోవాట్ నీళ్ల హీటర్లు పదిహేను వేలు ఒకేచోట రాత్రింబవళ్లు వెలుగుతున్నట్టు లెక్క. ఆ వేడిని నీళ్లతో తీసేస్తూ ఉండాలి. పంపులు ఆగితే ఉన్న నీళ్లు మరిగి ఆవిరైపోతాయి. ఇంధన కడ్డీలు బయటపడతాయి. వాటి జిర్కోనియం తొడుగు ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్‌ను వదులుతుంది. ఆ తర్వాత ఇంధనమే కరగడం మొదలవుతుంది.

అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో 1979 మార్చి 28న జరిగింది ఇదే. తెరుచుకున్న ఒక వాల్వు తిరిగి మూసుకోలేదు. నీళ్లు దాని గుండా బయటికి పోతూనే ఉన్నాయి. నియంత్రణ గదిలోని దీపం మాత్రం వాల్వు మూసుకున్నట్టే చూపింది. ఎందుకంటే ఆ దీపం చెప్పేది 'మూసుకో' అన్న ఆదేశం వెళ్లిందని మాత్రమే. వాల్వు నిజంగా మూసుకుందో లేదో దానికి తెలియదు. నీళ్లు ఎక్కువయ్యాయని పొరబడిన సిబ్బంది అత్యవసర నీటి సరఫరాను తగ్గించేశారు. రియాక్టర్ గర్భంలో దాదాపు సగం కరిగిపోయింది. చుట్టూ ఉన్న బలమైన కాంక్రీటు కవచం వల్ల బయటి జనానికి అందిన రేడియేషన్ చాలా స్వల్పం.

జపాన్‌లో 2011 మార్చి 11న వచ్చిన భూకంపానికి ఫుకుషిమా దాయిచిలో నడుస్తున్న రియాక్టర్లన్నీ సక్రమంగానే ఆగాయి. బయటి విద్యుత్తు పోయింది, డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. సుమారు గంటలోపే దాదాపు 14 మీటర్ల సునామీ ముంచెత్తింది. ఆ జనరేటర్లలో ఎక్కువ భాగం ఉన్నది నేలమాళిగల్లో. మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది. అక్కడి తీరంలో సహజంగా 35 మీటర్ల ఎత్తైన గట్టు ఉండేది. దాన్ని పది మీటర్లకు తవ్వి కేంద్రాన్ని కట్టారు. 15 మీటర్లకు మించిన సునామీ రావచ్చని 2008లో కేంద్రాన్ని నడిపే టెప్కో సంస్థ సొంత లెక్కలే చెప్పినా రక్షణ ఏర్పాట్లు జరగలేదు.

ఇదే భూకంప కేంద్రానికి మరింత దగ్గరగా ఒనగావా అణు కేంద్రం ఉంది. అక్కడా దాదాపు 13 మీటర్ల అల వచ్చింది. కానీ ఆ కేంద్రాన్ని 14.8 మీటర్ల ఎత్తున కట్టారు. అంత ఎత్తు అక్కర్లేదని ఎందరు అన్నా యానోసుకే హిరాయి అనే ఇంజినీరు పట్టుబట్టి ఒప్పించారు. 869వ సంవత్సరంలో ఆ తీరాన్ని ముంచిన సునామీ చరిత్ర ఆయనకు తెలుసు. ఒనగావా రియాక్టర్లు సురక్షితంగా చల్లబడ్డాయి. ఇళ్లు కోల్పోయిన వందలాది మంది ఆ కేంద్రం ఆవరణలోనే తలదాచుకున్నారు. ఒకే దేశం, ఒకే సముద్రం, ఒకే రోజు. తేడా అంతా దశాబ్దాల ముందు తీసుకున్న నిర్ణయంలో ఉంది.

చెర్నోబిల్ సంగతి వేరు. రియాక్టర్ రూపకల్పనలోనే లోపం ఉంది, పూర్తి రక్షణ కవచం లేదు, పైగా సోవియట్ ప్రభుత్వ గోప్యత. 1986 ఏప్రిల్ 26 రాత్రి పేలుడు జరిగితే పక్కనే ఉన్న ప్రిప్యాత్ పట్టణాన్ని ఖాళీ చేయించింది మర్నాడు మధ్యాహ్నం. తీవ్ర రేడియేషన్ వల్ల ఆ ఏడాదే 28 మంది సిబ్బంది చనిపోయారు. రియాక్టర్ నుంచి వెలువడిన రేడియోధార్మిక అయోడిన్-131 గడ్డి మీద పడి, ఆవుల పాలలోకి చేరి, అక్కడి నుంచి పిల్లల థైరాయిడ్ గ్రంథికి చేరింది. వేలమందికి థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. ఈ అయోడిన్ ఎనిమిది రోజులకొకసారి సగమవుతుంది. కొన్ని వారాలు ఆ పాలు తాగవద్దని సకాలంలో చెప్పి ఉంటే ఈ జబ్బుల్లో చాలావరకు తప్పేవి. పొరుగున ఉన్న పోలండ్ కోటిమందికి పైగా పిల్లలకు కొద్ది రోజుల్లోనే రక్షణగా మామూలు అయోడిన్ ఇచ్చింది. థైరాయిడ్ దానితో ముందే నిండిపోతే అయోడిన్-131కు చోటుండదు.

మరోవైపు, తొందరపాటూ ప్రాణాలు తీస్తుంది. ఫుకుషిమాలో రేడియేషన్ వల్లనే చనిపోయారని జపాన్ ప్రభుత్వం గుర్తించినది ఒక్క కార్మికుడిని. ఆ ప్రాంతంలో తరలింపు, దాని తర్వాతి కష్టాల వల్ల చనిపోయినవారు మాత్రం రెండు వేలకు పైనే. వారిలో అత్యధికులు వృద్ధులు. ఆసుపత్రి మంచం మీది రోగిని సరైన ఏర్పాటు లేకుండా బస్సు ఎక్కించడం కంటే, తలుపులు మూసి కొద్ది రోజులు అక్కడే ఉంచడం మేలైన సందర్భాలు ఉన్నాయి.

ఇవన్నీ కలుపుకున్నా, వంద కోట్ల యూనిట్ల విద్యుత్తుకు ఎన్ని మరణాలు అని లెక్క కడితే బొగ్గు వాటా సుమారు 25, అణు విద్యుత్తు వాటా 0.03 అని అంచనా. బొగ్గు పొగతో పోయే ప్రాణాలకు తేదీ ఉండదు, వార్తల్లో పేరు ఉండదు. అందుకే ఆ భయం మనకు అంటదు. కంటికి కనిపించనిదీ, మన చేతిలో లేనిదీ, ఒక్కసారిగా విరుచుకుపడేదీ అయిన ముప్పును మనుషులు ఎక్కువ చేసి చూస్తారని మనస్తత్వవేత్త పాల్ స్లోవిక్ 1987లోనే వివరించారు. రేడియేషన్‌కు ఈ మూడు లక్షణాలూ ఉన్నాయి.

అలాగని 0.03 అంకె చూపించి జనాన్ని నోరు మూసుకోమనడం నాకు నచ్చదు. ఆ సగటు అంకెలో ఒనగావా, ఫుకుషిమా రెండూ కలిసిపోయాయి. మన దగ్గర కట్టబోయేది వాటిలో దేనిలాంటిదో అది చెప్పదు. అడగవలసిన ప్రశ్న ఒకటే: కరెంటు పూర్తిగా పోతే, రియాక్టర్‌లో మిగిలిన ఆ వేడిని ఎలా, ఎన్ని రోజులు తీసేయగలరు? అమెరికా సంస్థ వెస్టింగ్‌హౌస్ రూపొందించిన ఏపీ-1000 లాంటి కొత్త రియాక్టర్లలో పైభాగాన పెద్ద నీటి తొట్టి ఉంటుంది. పంపులు లేకుండా, మనిషి చెయ్యి పడకుండా 72 గంటలు చల్లబరచగలిగేలా వాటిని రూపొందించారు. ఇది నిజమైన పురోగతి. కానీ నాలుగో రోజు ఆ తొట్టిని ఎవరో ఒకరు నింపాలి. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఏ పంపుతో ఎక్కిస్తారు, దారులు కొట్టుకుపోయి ఉంటే ఆ పంపు అక్కడికి ఎలా చేరుతుంది, దీనిపై చివరిసారిగా కసరత్తు చేసి చూసింది ఎప్పుడు? అణు కేంద్రం పక్కన నివసించే ప్రతి ఒక్కరికీ ఈ జవాబులు రాతపూర్వకంగా అందాలి.