చదివింపుల పుస్తకమూ తాల్ముద్ వాదనలూ

చిరంజీవులైన పిల్లలకు మీ తాతయ్య ఆశీస్సులు.

న్యూజెర్సీలో ఏడో తరగతి చదువుతున్న మా మనవరాలు కిందటి వారం ఫోన్‌లో ఒక ప్రశ్న అడిగింది. అప్పటికప్పుడు జవాబు చెప్పలేక ఉత్తరం రాస్తానన్నాను. మీ అందరికీ పనికివచ్చే ప్రశ్న కాబట్టి అందరి పేరా రాస్తున్నాను. హనుక్కా పండుగకు ఆమె తన యూదు స్నేహితురాలి ఇంటికి వెళ్లిందట. దీపాలు వెలిగించాక ఆ పిల్ల తాతగారు ఒక పెద్ద పుస్తకం ముందు కూర్చుని ఆనాటి పాఠం చదువుకున్నారట. అందులో ఏముంటుందని మన అమ్మాయి అడిగితే, పూర్వపు పండితుల వాదనలుంటాయని, నెగ్గిన మాటతో పాటు ఓడిన మాట కూడా అందులోనే ఉంటుందని చెప్పారట. దానికి రెండు సందేహాలు వచ్చాయి. ఓడిన మాటను అంత జాగ్రత్తగా ఎందుకు దాచుకున్నారు? ఆ వాదనలన్నీ కంప్యూటరుకు ఇచ్చేస్తే ఎవరు ఎక్కువసార్లు నెగ్గారో లెక్క తేలిపోదా?

ఆ పుస్తకం పేరు తాల్ముద్. దానికి మూలం మిష్నా. గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి నడుస్తూ వచ్చిన యూదు ధర్మనిర్ణయాలను క్రీ.శ. 200 ప్రాంతంలో గలిలయలో రబ్బీ (అంటే యూదు ధర్మగురువు) యెహూదా హనాసీ అనే పెద్దాయన 63 భాగాలుగా కూర్చారు. పొలం గట్టు తగాదా దగ్గర నుంచి పండుగనాటి వంట దాకా అందులో లేని విషయం లేదు. ఆ తరవాత కొన్ని వందల ఏళ్లపాటు, ఇప్పుడు ఇరాక్ అంటున్న దేశంలో, సూరా, పుంబెదితా అనే చోట్ల ఉన్న విద్యాపీఠాలలో మిష్నా వాక్యాల మీద సాగిన చర్చ అంతా చేరి బాబిలోనియా తాల్ముద్ అయింది. అచ్చులో అది 2,711 పత్రాలు. రోజుకొక పత్రం చొప్పున, ప్రపంచంలో ఎక్కడున్నా అందరూ ఒకే రోజున ఒకే పత్రం చదివే పద్ధతిని 1923లో రబ్బీ మేయిర్ షపీరో ప్రతిపాదించారు. అలా చదివితే పూర్తి కావడానికి దాదాపు ఏడున్నర ఏళ్లు పడుతుంది.

ఆ వాదనలు ఎలా ఉంటాయో తెలియడానికి ఆ ఇంట్లో వెలిగించిన దీపాలే చాలు. పండుగ ఎనిమిది రోజులు. మొదటి రోజు ఎనిమిది దీపాలు వెలిగించి రోజుకొకటి తగ్గించాలని షమ్మాయ్ అనే పండితుని శిష్యులన్నారు. మొదటి రోజు ఒకటి వెలిగించి రోజుకొకటి పెంచాలని హిల్లెల్ అనే మరొక పండితుని శిష్యులన్నారు. రావలసిన రోజులను లెక్కపెట్టాలని వారి భావమైతే, గడిచిన రోజులను లెక్కపెట్టాలని వీరి భావం. పవిత్రమైన విషయంలో పైకి పోవాలే గాని కిందికి దిగరాదని హిల్లెల్ వారు మరొక కారణం కూడా చెప్పారు. ఇవాళ యూదుల ఇళ్లలో దీపాలు పెరుగుతూనే పోతాయి. అయినా తగ్గించాలన్న మాటను పుస్తకంలో నుంచి ఎవరూ కొట్టివేయలేదు.

ఇటువంటి వాదనలు వేలకొద్దీ ఉన్న పుస్తకాన్ని యంత్రం ఎలా చదువుతుందో చెప్పాలంటే నాకు మా ఇంటి చదివింపుల పుస్తకమే గుర్తుకు వస్తుంది. మా చిన్నప్పుడు తెనాలి వైపు పల్లెలలో పెళ్లి జరిగితే, పందిట్లో ఒక మూల చాప పరుచుకుని ఒకరు పుస్తకం పట్టుకుని కూర్చునేవారు. వచ్చినవారు ఇచ్చే రూపాయలను పైకి చదివి, ఫలానా ఊరు, ఫలానా వారు, ఇంత అని రాసుకునేవారు. ఆ పుస్తకం తరవాత ట్రంకు పెట్టెలోకి చేరేది. అవతలివారింట్లో పెళ్లి వచ్చినప్పుడు మా నాన్నగారు దాన్ని తీసి, వారు మనకేమి చదివించారో చూసుకుని బయలుదేరేవారు. నాకు పదకొండేళ్లు వచ్చేసరికి చేతిరాత బాగుంటుందని ఆ పని నాకు అప్పగించారు.

పది పెళ్లిళ్ల పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఎవరి ఇంటికి ఎవరు వెళ్లారో, ఏ రెండు కుటుంబాలు ఎప్పుడూ కలిసి కనిపిస్తాయో, రెండు ఊళ్ల మధ్య రాకపోకలకు ఏ ఒక్క మనిషి వంతెనగా ఉన్నాడో, ఎవరూ నోరు విప్పి చెప్పకపోయినా తెలిసిపోతుంది. తాల్ముద్‌ను లెక్కలతో చదివేవారు చేసే పని కూడా ఇదే. "ఫలానా రబ్బీ అంటాడు" అన్న మాట ఎక్కడెక్కడ వస్తుందో యంత్రం పట్టుకుంటుంది. ఒక్కొక్క పేరుకు ఒక చుక్క పెడుతుంది. ఒకే విషయం మీద ఇద్దరు విభేదిస్తే ఆ రెండు చుక్కల మధ్య ఒక గీత గీస్తుంది. ఒకరి మాటను మరొకరు చెబితే ఇంకొక రకం గీత గీస్తుంది. "ఫలానా గురువు ఇలా అన్నాడని ఫలానా శిష్యుడు అన్నాడు" అన్న గొలుసులు తాల్ముద్‌లో కొల్లలు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన మైకేల్ సాట్లో, సహచరుడితో కలిసి, ఎవరి మాటను ఎవరు ఉటంకించారో ఇలాగే ఒక వలగా గీసి పరిశీలించారు. అంతకు చాలా ముందే, 1963లో, ఇజ్రాయెల్‌లో అవియెజ్రి ఫ్రెంకెల్ అనే గణిత శాస్త్రవేత్త యూదు ధర్మశాస్త్ర గ్రంథాలను కంప్యూటరులో పెట్టి వెతికే పనికి శ్రీకారం చుట్టారు. ఆ పని కొన్నేళ్లకు బార్ ఇలాన్ విశ్వవిద్యాలయానికి మారి ఇప్పటికీ సాగుతున్నది. ఇంటింటికీ ఫోన్లే సరిగా లేని రోజులలో, ఎప్పటివో ప్రశ్నలూ జవాబులూ యంత్రానికి నేర్పాలని తలపెట్టిన ఆ మనుషుల ఓర్పును తలుచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

గీతలు గీయడం సులువే. పేర్ల దగ్గర వస్తుంది అసలు చిక్కు. పెదనాన్నగారి అమ్మాయి పెళ్లిలో నేను "వెంకటేశ్వర్లు, 16 రూపాయలు" అని ఒక చోట, "వెంకటేశ్వర్లు, 5 రూపాయలు" అని మరొక చోట రాశాను. ఇద్దరిదీ ఒకే ఊరు. ఇంటిపేర్లు రాయలేదు. రెండేళ్ల తరవాత పదహార్లిచ్చిన ఆయన కొడుకు పెళ్లికి మా నాన్నగారు ఐదు రూపాయలే చదివించి వచ్చారు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు గాని, వారింటి ఆడవాళ్లు మా అమ్మతో మాట్లాడటం మానేశారు. సంగతి తెలిశాక నాన్నగారు నన్ను వెంటబెట్టుకుని వారింటికి వెళ్లి, తప్పు ఎక్కడ జరిగిందో నా నోటితోనే చెప్పించి, ఆ పుస్తకంలో ఇంటిపేర్లు నా చేతనే రాయించారు. ఆనాటి నుంచి ఇంటిపేరు లేని పేరును నేను పేరుగా లెక్కించలేదు.

తాల్ముద్‌లో ఈ చిక్కు అడుగడుగునా ఉంది. రబ్బీ ఎలీయెజెరు, రబ్బీ ఎలియాజరు వేరువేరు మనుషులు. హిబ్రూలో ఆ రెండు పేర్లకూ తేడా యోద్ అనే ఒక్క అక్షరం, అదీ వారి అక్షరాలన్నిటిలోకీ చిన్నది. చేతిరాత ప్రతులు రాసేవాడు రాత్రిపూట దీపం ముందు కునుకుతూ ఆ ఒక్క గీత వదిలేస్తే, ఒకరి వాదన మరొకరి ఖాతాలో పడిపోతుంది. రబ్బా, రావా అన్న పేర్లకు కూడా చివరి అక్షరం ఒక్కటే తేడా. రబ్బా అబాయే అనే పండితుడికి గురువు, రావా అబాయేకు సమకాలికుడు. ఆ అక్షరం తారుమారైతే ఒక తరం మాట ఇంకొక తరానికి జమ అవుతుంది. ఏ పేరూ చేర్చకుండా ఊరికే "రబ్బీ" అంటే మిష్నా కూర్చిన యెహూదా హనాసీ అని అర్థం. యంత్రానికి ఇదంతా ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి. ఆ నేర్పడంలోనే అసలు పాండిత్యమంతా ఉంది.

లెక్కపెట్టాలన్న ఆలోచన కంప్యూటరుతో పుట్టింది కాదు, ఆ మాట కూడా చెప్పాలి. సాధారణంగా షమ్మాయ్ వారి తీర్పులు కఠినం, హిల్లెల్ వారివి మెత్తన. అది తిరగబడిన సందర్భాలను ఏరి మిష్నాలో ఎదుయోత్ అనే భాగంలో పట్టికగా పెట్టారు. అబాయే, రావా విభేదించిన చోట రావా మాటే చెల్లుతుందని, ఆరు సందర్భాలలో మాత్రం అబాయే మాట చెల్లుతుందని చెప్పి, ఆ ఆరింటినీ గుర్తుంచుకోవడానికి పొడి అక్షరాలతో ఒక మాట కూడా అల్లారు. మన పిల్లలు ఎక్కాలు అప్పగించినట్లు వారు దాన్ని అప్పగించేవారు.

ఇక మిష్నాలో మొట్టమొదటి వాక్యాన్నే తీసుకుని ఒక పట్టిక గీద్దాం. సాయంకాలపు షెమా ప్రార్థన ఏ వేళ వరకు చెప్పవచ్చునన్నది ప్రశ్న. రాత్రి మొదటి జాము ముగిసేవరకని రబ్బీ ఎలీయెజెరు అన్నారు. అర్ధరాత్రి వరకని పండితులన్నారు. తెల్లవారే వరకని రబ్బాన్ గమలీయేలు అన్నారు. యంత్రం మూడు చుక్కలు పెట్టి వాటి మధ్య గీతలు గీస్తుంది. "పండితులు" అన్న పేరు లేని గుంపుకు కూడా ఒక చుక్క పెట్టక తప్పదు. ఆ వెంటనే మిష్నా ఒక సంగతి చెబుతుంది. గమలీయేలు కొడుకులు ఒక రాత్రి విందు నుంచి చాలా ఆలస్యంగా ఇంటికి వచ్చి, తాము షెమా చెప్పలేదని తండ్రితో అన్నారట. ఆయన వారిని కోప్పడలేదు. తెల్లవారలేదు గనుక మీరు ఇంకా చెప్పవలసినవారేనని అన్నారు. పండితులు అర్ధరాత్రి అన్న చోటల్లా అసలు గడువు తెల్లవారే వరకేనని, మనుషులు బద్ధకించి తప్పులో పడకుండా అలా ముందుకు జరిపారని కూడా చెప్పారు.

అంటే, గమలీయేలుకూ పండితులకూ మధ్య మన యంత్రం గీసిన గీత నిజానికి విభేదమే కాదు. ఇద్దరి మాటా ఒకటే. ఒకరు గడువు చెప్పారు, మరొకరు గడువుకు ముందు కంచె వేశారు. కింది వాక్యం దాకా చదివినవారికి తెలిసే ఈ సంగతి, పై వరుస చూసి లెక్క వేసినవారికి తెలియదు. మా పెళ్లిలో ఒక ముసలమ్మ ఒక్క రూపాయి చదివించింది, పుస్తకంలో అంతే ఉంది. మూడు రోజులు పందిట్లోకి నీళ్లు మోసింది కూడా ఆమే. ఆ నీళ్లకు పుస్తకంలో గడి లేదు. అందుకని పుస్తకం పనికిమాలినదని అనకండి. ఆ ఒక్క రూపాయి వరుస లేకపోతే ఆమె పేరే నాకు ఇవాళ గుర్తుండేది కాదు. లెక్క దారి చూపిస్తుంది. ఆ దారిన నడిచి పుట దాకా వెళ్లవలసింది మనమే.

మా మనవరాలి మొదటి ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ఓడిన మాటను ఎందుకు దాచారు? మిష్నాయే దానికి ఒక జవాబు చెబుతుంది. ముందు ముందు ఏదైనా న్యాయసభకు ఆ మాటే సరైనదని తోస్తే, ఆధారపడటానికి అది అక్కడ ఉండాలట. నాకు మాత్రం రబ్బీ యోహనాన్ కథలో మరింత పెద్ద జవాబు కనిపిస్తుంది. ఆయనకు చదువులో జతగాడు రేష్ లాకిష్. ఏ మాట అన్నా ఎదురు చెప్పేవాడు. అతడు చనిపోయాక యోహనాన్ దుఃఖం పట్టలేకపోతే, ఊరట కలిగించడానికి మరొక పండితుణ్ని పంపారు. ఆ వచ్చినాయన, యోహనాన్ ఏది చెప్పినా, "మీ మాటకు ఇదిగో ఆధారం" అని చూపిస్తూ పోయారు. నా మాట సరైనదని నాకు తెలియదా అని యోహనాన్ కుమిలిపోయారు. రేష్ లాకిష్ అయితే తన ప్రతి మాటకూ 24 అభ్యంతరాలు తెచ్చేవాడని, తాను 24 జవాబులు చెప్పేవాడినని, దానివల్ల విషయం విశాలమయ్యేదని అన్నారు. బట్టలు చింపుకుని, "లాకిష్ కొడుకా, ఎక్కడున్నావు" అని ఏడుస్తూ తిరిగారట.

మా ఊళ్లో తగాదా పడ్డ రెండు ఇళ్లవారు ఒకరి పెళ్లికి మరొకరు వెళ్లేవారు కాదు. చదివింపుల పుస్తకంలో వారి మధ్య ఒక్క వరుస కూడా ఉండదు. తాల్ముద్ వలలో అలా కాదు. అక్కడ ఇద్దరి మధ్య గీతలు దట్టంగా ఉన్నాయంటే, వారు జీవితమంతా ఎదురెదురుగా కూర్చుని ఒకరి మాట ఒకరు విన్నారన్న మాట. ఈ సంగతి తెలిశాక, ఎవరు ఎక్కువసార్లు నెగ్గారన్న ప్రశ్న నాకు రెండోదైపోయింది. ఎవరు ఎవరితో ఎక్కువగా వాదించారన్నదే మొదటిదైంది.

హిల్లెల్ వారి పక్షం ఎందుకు నిలిచిందో కూడా తాల్ముద్ చెప్పింది. మూడేళ్లు వాదన సాగాక, రెండు పక్షాలవీ సజీవుడైన దేవుని మాటలేనని, ధర్మం మాత్రం హిల్లెల్ వారి ప్రకారమేనని ఆకాశం నుంచి ఒక వాణి వినిపించిందట. హిల్లెల్ వారు నెమ్మదస్తులని, తమ మాటతో పాటు అవతలివారి మాటను కూడా బోధించేవారని, పైగా అవతలివారి మాటనే ముందు చెప్పేవారని దానికి కారణం చెప్పారు. ఈ చివరి మాట మీరు లెక్కపెట్టి చూడగలిగినదే. సెఫారియా అనే వెబ్‌సైటులో మిష్నా అంతా అనువాదంతో సహా ఉచితంగా దొరుకుతుంది. అమ్మానాన్నలను అడిగి, బెరఖోత్ అనే మొదటి భాగంలో ఎనిమిదో అధ్యాయం తెరవండి. అది భోజనం విషయంలో ఆ రెండు పక్షాలకూ వచ్చిన తేడాల గురించి, చాలా చిన్నది. చేతులు ముందు కడగాలా, గిన్నె ముందు నింపాలా, తుడుచుకున్న గుడ్డ ఎక్కడ పెట్టాలి వంటి సంగతులు. కాగితం మీద రెండు నిలువు గడులు గీసి, ఒకదానికి షమ్మాయ్ అని, ఇంకొకదానికి హిల్లెల్ అని పేరు పెట్టి, ప్రతి వాదనలోనూ ఎవరి పేరు ముందు వచ్చిందో ఒక్కొక్క గీత గీస్తూ పోండి. గీతలన్నీ పూర్తయ్యాక ఆ కాగితాన్ని నాకు పంపండి.

మీ తాతయ్య