పాత్ర ఒకరిది, కథ అందరిదీ: చిన్న రోల్‌ప్లే గ్రూపు నడపడంలో అపోహలు, వాస్తవాలు

గొలుసుకట్టు నవలలో ఒక రచయిత ఆపిన చోట ఇంకొకరు అందుకుంటారు. అందుకున్నాక పాత్రలన్నీ వాళ్ళ చేతిలోకి వచ్చేస్తాయి. రోల్‌ప్లే రచన అలా సాగదు. పదిమంది ఒకే కథ రాస్తున్నా ఎవరి పాత్రని వాళ్ళే నడుపుతారు. మిగతా పాత్రల మాట, చేత, చావు వాళ్ళ చేతిలో ఉండవు. ఇరవై ముప్ఫై మంది రాసుకునే డిస్కార్డ్ సర్వర్లలో (డిస్కార్డ్ ఒక చాట్ యాప్, సర్వర్ అంటే అందులోని గ్రూపు) గొడవలు ఎక్కువగా ఈ ఒక్క హద్దు దగ్గరే పుడతాయి. బూతులు చెరిపి, అల్లరివాళ్ళని పంపేస్తే గ్రూపుని చూసుకునే మోడరేటర్ (మోడ్) పని అయిపోతుందనుకుంటే మొదటి నెలలోనే తల పట్టుకోవాల్సి వస్తుంది.

అపోహ: అందరం స్నేహితులమే, రాసిపెట్టిన నియమాలు దేనికి?

స్నేహితుల మధ్యే అవి ఎక్కువ అవసరం, ఎందుకంటే మొహమాటం అక్కడే ఎక్కువ. అయితే "మర్యాదగా ఉండండి" అని రాస్తే ఉపయోగం లేదు. ఎవరైనా దాన్ని తప్పారో లేదో తేల్చలేం. నియమాన్ని చూసి తేల్చుకునేలా రాయాలి, పక్కనే ఒక ఒప్పు వాక్యం, ఒక తప్పు వాక్యం పెట్టాలి.

అన్నిటికన్నా ముందు రాయాల్సింది ఇది: ప్రయత్నం మీది, ఫలితం ఎదుటివారిది. "భైరవుడు మల్లన్న చేతి మీదికి కత్తి విసిరాడు" అన్నది చెల్లుతుంది. "భైరవుడి కత్తికి మల్లన్న చెయ్యి తెగిపడింది" అన్నది చెల్లదు. తెగిందా, గీసుకుపోయిందా, మల్లన్న పక్కకి తప్పుకున్నాడా అన్నది మల్లన్నని రాసేవారు చెప్పాలి. దీన్ని దాటడాన్నే గాడ్‌మాడింగ్ అంటారు. రెండో నియమం మెటాగేమింగ్ గురించి, అంటే రాసేవారికి తెలిసింది పాత్రకీ తెలిసినట్టు రాయడం. వీలునామా ధాన్యం గాదెలో ఉందని వేరే థ్రెడ్‌లో (విడి సంభాషణలో) చదివినది మీరు, మీ పాత్ర కాదు. అలాంటి చోట మోడ్ పెద్ద ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. "మీ పాత్రకి ఈ సంగతి ఎలా తెలిసింది?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, చాలామంది వాళ్ళంతట వాళ్ళే సరిదిద్దుకుంటారు.

మిగిలినవి వయసు, కథలో అనుమతించే విషయాలు, ఎన్నాళ్ళు రాయకపోతే ఏమవుతుందన్నది. మొత్తం ఒక ఫోన్ స్క్రీన్‌లో పట్టాలి. పట్టకపోతే ఎవరూ చదవరు.

అపోహ: కథలో జరిగింది కథే, రాసినవాళ్ళని నిలదీయకూడదు

ఈ వాదన కొత్తది కాదు. పావెల్ కర్టిస్ 1990లో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో మొదలుపెట్టిన ల్యాంబ్డామూ అనే ప్రపంచం పూర్తిగా అక్షరాలతో నడిచేది. 1993లో అక్కడ మిస్టర్ బంగుల్ అనే పాత్రని నడిపే వ్యక్తి ఒక ప్రోగ్రామ్ సాయంతో ఇతరుల పాత్రలే చేస్తున్నట్టుగా లైంగిక హింస వర్ణనలు అందరి ముందూ తెర మీద కనిపించేలా చేశాడు. తెర మీద ఉన్నవి అక్షరాలే, కానీ ఆ పాత్రలని రాసేవాళ్ళు నిజంగా కుంగిపోయారు. సభ్యులు సమావేశమై గంటల తరబడి వాదించుకున్నా ఒక మాట మీదికి రాలేకపోయారు. చివరికి నిర్వాహకుల్లో ఒకరు ఆ ఖాతాని తొలగించారు. ఆ మనిషి తర్వాత మరో పేరుతో తిరిగి వచ్చాడు. ఆ ఘటన తర్వాతే కర్టిస్ అక్కడ అర్జీలు, ఓటింగ్ పద్ధతి తెచ్చారు. ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన చరిత్ర ఇది. ఎదుటివారి పాత్రని వాళ్ళ సమ్మతి లేకుండా ఆడించడం ఎంత దూరం పోగలదో, నిర్ణయం తీసుకునే పద్ధతి ముందుగా లేకపోతే ఏమవుతుందో రెండూ ఇందులో కనిపిస్తాయి.

అలాగని క్రూరమైన ప్రతినాయకుణ్ణి రాసేవారు క్రూరులని కాదు. మంచి విలన్ లేని కథ చప్పగా ఉంటుంది. కాబట్టి ఫిర్యాదు రాగానే ముందు థ్రెడ్‌ని లాక్ చేయండి. ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడి మూడు సంగతులు కనుక్కోండి: ఇలాంటి సన్నివేశానికి ముందే ఒప్పుకున్నారా? ఆపమన్న తర్వాత ఆపారా? కథ బయట, పర్సనల్ మెసేజ్‌లలో కూడా ఆ ధోరణి సాగుతోందా? మొదటి రెంటికీ అవునని, మూడోదానికి లేదని జవాబు వస్తే అది ఎక్కువగా బ్లీడ్, అంటే పాత్ర బాధ రాసేవారికి అంటుకోవడం. దానికి రెండు రోజుల విరామం, ఒక సంభాషణ చాలు. ఆపమన్నాక ఆపకపోతే మాత్రం అది ప్రవర్తన సమస్య, కథ సమస్య కాదు. అప్పుడు ఫలానా మెసేజ్ తర్వాత జరిగినదేదీ కథలో లెక్క కాదని ప్రకటించి, అక్కడి నుంచి మళ్ళీ రాయించాలి.

దీనికి ముందు జాగ్రత్త కూడా ఉంది. టేబుల్‌టాప్ ఆటల (బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లే ఆటల) వాళ్ళు వాడే గీతలు, తెరలు అనే పద్ధతి ఇక్కడా చక్కగా పనిచేస్తుంది. గీత అంటే ఈ విషయం కథలోకే రాకూడదు. తెర అంటే జరగొచ్చు, వర్ణించకూడదు. చేరేటప్పుడే ప్రతి ఒక్కరి చేత రెండు జాబితాలు రాయించండి. కారణం అడగకండి.

అపోహ: ఆటోమోడ్ పెట్టేస్తే సగం పని తగ్గుతుంది

ఆటోమోడ్ అంటే పెట్టిన మాటలున్న మెసేజ్‌లని తనంతట తనే ఆపే డిస్కార్డ్ సదుపాయం. తెలుగు సర్వర్లో దానితో పని తగ్గదు. మన క్రియ ఒకటే అయినా చంపుతా, చంపేస్తాను, చంపుతానన్నాడు అంటూ రూపాలు మారుతూ పోతుంది. రోమన్ లిపిలో రాసేటప్పుడు ఒక్కో మనిషిది ఒక్కో స్పెల్లింగ్. పైగా యుద్ధ సన్నివేశంలో ఆ మాట రావడం సహజం. మెసేజ్ ఆగిపోతే అరగంట కూర్చుని రాసినవారికి చిర్రెత్తుకొస్తుంది. కథ చానెళ్ళని ఆటోమోడ్ నుంచి మినహాయించండి. కబుర్ల చానెల్లో కూడా మెసేజ్‌ని ఆపకుండా మోడ్‌లకి అలర్ట్ మాత్రమే వెళ్ళేలా పెట్టండి. పూర్తిగా ఆపాల్సినవి స్పామ్ లింకులు.

అపోహ: పోస్టుకి 300 పదాలు తప్పనిసరి చేస్తే నాణ్యత పెరుగుతుంది

ఇంగ్లిష్ సర్వర్ల నుంచి ఎత్తి తెచ్చుకున్న నియమం. డిస్కార్డ్‌లో మామూలు ఖాతాకి ఒక మెసేజ్‌లో 2000 క్యారెక్టర్లు పడతాయి. మన గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి కనుక "స్త్రీ" అన్న ఒక్క అక్షరమే ఆరు అవుతుంది. 300 తెలుగు పదాలు సాధారణంగా ఒక మెసేజ్‌లో ఇమడవు. ఎదుటివారు అందుకోవడానికి ఒక మాటో, ఒక చేష్టో మిగిల్చి ఆపిన నాలుగు వాక్యాలు మంచి పోస్టే. కొలవాలంటే దాన్నే కొలవండి.

అపోహ: బ్యాన్ చేస్తే సమస్య తీరిపోతుంది

బ్యాన్ నొక్కే ముందు చేయాల్సిన పని చాలా ఉంది. డిస్కార్డ్ ఆడిట్ లాగ్ (సర్వర్లో ఎవరు ఏం మార్చారో చూపే చిట్టా) 45 రోజులే ఉంటుంది, చెరిపేసిన మెసేజ్‌లో ఏముందో అది చూపదు. కాబట్టి ముందు స్క్రీన్‌షాట్, మెసేజ్ లింకు, తేదీ తీసి మోడ్‌ల చానెల్లో పెట్టాలి, ఆ తర్వాతే చెరపాలి. టప్పర్‌బాక్స్, ప్లూరల్‌కిట్ లాంటి బాట్‌లతో పాత్ర పేరు మీద రాస్తుంటే ఎవరు రాశారో పైకి కనిపించదు. ఆ మెసేజ్‌కి ప్రశ్నార్థకం ఎమోజీ పెడితే బాట్ చెబుతుంది.

బ్యాన్ చేసేటప్పుడు ఆ వ్యక్తి పాత మెసేజ్‌లు చెరపమంటారా అని డిస్కార్డ్ అడుగుతుంది, గరిష్ఠంగా 7 రోజులవి. రోల్‌ప్లే సర్వర్లో వద్దనే ఎంచుకోండి. లేకపోతే మిగతావాళ్ళ సంభాషణల్లో సగం గల్లంతై కథ చదవడానికి వీల్లేకుండా పోతుంది. చెడ్డ మెసేజ్‌లని మాత్రం చేత్తో తీసేయండి. బాట్ ద్వారా వచ్చినవి ఆ వ్యక్తి ఖాతా కింద లెక్కకు రావు, వాటిని ఎలాగూ విడిగానే తీయాలి.

దీనికన్నా ముందు మెట్లు ఉన్నాయి: విడిగా ఒక మాట, ఆ తర్వాత ఏ నియమం తప్పారో చూపిస్తూ రాతపూర్వక హెచ్చరిక, ఆపైన టైమౌట్, అంటే కొంతకాలం రాయనివ్వకపోవడం. టైమౌట్ 60 సెకన్ల నుంచి వారం దాకా పెట్టొచ్చు. చల్లారడానికి ఒక రోజు బాగా సరిపోతుంది. పిల్లల విషయంలో, బెదిరింపుల విషయంలో మాత్రం మెట్లు లేవు, నేరుగా బ్యాన్.

వెళ్ళిపోయినవారి పాత్రని వేరేవారికి అప్పగించకండి, కసిగా చంపించకండి. ఊరు విడిచి వెళ్ళాడని ఒక్క వాక్యం చాలు.

అపోహ: 18+ అని చానెల్‌కి ముద్ర వేస్తే వయసు సంగతి అయిపోయినట్టే

అవదు. చిన్న గ్రూపుకి పెద్ద ప్రమాదం ఇక్కడే. డిస్కార్డ్‌లో 13 ఏళ్ళకే చేరొచ్చు, పుట్టిన తేదీ తప్పు చెప్పడం కష్టమేమీ కాదు. ఇంటర్ పిల్లలు ఉన్న గ్రూపులో లైంగిక వర్ణనలు ఏ చానెల్లోనూ వద్దు. పెద్దవాళ్ళు, మైనర్లు కలిసి ప్రేమకథ రాయకూడదన్నది మినహాయింపు లేని నియమంగా పెట్టండి. కథ గురించిన చర్చ కూడా సర్వర్లోనే జరగాలి, పర్సనల్ మెసేజ్‌లలో కాదు.

"అదంతా ఊహే" అనేవారికి మన చట్టం చూపించండి. ఐటీ చట్టం 67బి సెక్షన్ పిల్లలని అశ్లీలంగా చూపే బొమ్మలతో పాటు రాతని కూడా పేర్కొంటుంది. మొదటిసారి నేరం రుజువైతే ఐదేళ్ళ వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. అలాంటిది కనిపిస్తే ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, దాచుకోకండి. పైన బ్యాన్ దగ్గర చెప్పిన స్క్రీన్‌షాట్ నియమం దీనికి వర్తించదు. లింకుతో డిస్కార్డ్‌కి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌కి రిపోర్ట్ చేయండి. పిల్లల మీద జరిగే నేరాలని పేరు చెప్పకుండానే అక్కడ ఫిర్యాదు చేయొచ్చు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది.

వయసు రుజువుకి ఆధార్ ఫోటో మాత్రం అడగకండి. ఒకరి గుర్తింపు కార్డు మీ ఫోన్‌లో పడిందంటే దాన్ని కాపాడే బాధ్యత మీదవుతుంది. వయసు మీద సందేహం ఉంటే మైనర్‌గానే చూడండి.

అపోహ: మోడ్ ఎప్పుడూ ఆన్‌లైన్‌లో ఉండాలి

అక్కర్లేదు. ముగ్గురు ఉంటే చాలు, అభిప్రాయాలు చీలినా ఇద్దరు ఒకవైపు ఉంటారు. హైదరాబాద్‌లో ఒకరు, డాలస్‌లో ఒకరు ఉంటే పదిన్నర, పదకొండున్నర గంటల తేడా మీకే కలిసొస్తుంది. ఎవరూ లేని వేళ గొడవ రాజుకుంటుందనిపిస్తే ఆ చానెల్‌కి స్లో మోడ్ (ఒకరు ఒక మెసేజ్ రాశాక ఇంకోటి రాయడానికి ఆగాల్సిన వ్యవధి) పెట్టి పడుకోండి, ఆరు గంటల దాకా పెట్టొచ్చు. తన పాత్ర ఉన్న థ్రెడ్‌లో వచ్చిన తగాదాని మోడ్ తీర్చకూడదు. ఎంత నిష్పక్షపాతంగా తీర్చినా ఎవరూ నమ్మరు.

అపోహ: రాయనివాళ్ళని తీసేస్తే గ్రూపు చురుగ్గా ఉంటుంది

మార్చిలో ఇంటర్ పరీక్షలు, తర్వాత ఈఏపీసెట్. పిల్లలు మాయమవుతారు, మళ్ళీ జూన్‌లో వస్తారు. తీసేస్తే రారు. కథ ఆగేది వాళ్ళు లేకపోవడం వల్ల కాదు, వాళ్ళ వంతు కోసం మిగతావాళ్ళు ఎదురుచూడడం వల్ల. 72 గంటలు దాటితే వంతు తర్వాతివారికి పోతుందని ముందే చెప్పండి. ఒక థ్రెడ్‌లో నలుగురికి మించి వద్దు. వారం పాటు కదలిక లేక థ్రెడ్ ఆర్కైవ్‌లోకి పోతే కంగారు పడకండి, కొత్త మెసేజ్ రాయగానే తిరిగి వస్తుంది.

అపోహ: సర్వర్ ఎవరిదైతే కథ వారిదే

ఎవరు రాసిన పోస్టు వారిదే. ఆ కథని ప్రతిలిపిలో పెట్టాలన్నా, పుస్తకంగా వేయాలన్నా రాసిన ప్రతి ఒక్కరి అనుమతీ కావాలి, మధ్యలో వెళ్ళిపోయినవారిది కూడా. డిస్కార్డ్ సర్వర్‌కి ఓనర్ ఒక్కరే, ఆ ఒక్కరు డిలీట్ నొక్కితే రెండేళ్ళ కథ నిమిషంలో పోతుంది, తిరిగి రాదు. మూసేయాలనుకుంటే నెల ముందు ప్రకటించి, కొత్త పోస్టులు ఆపి, ఎవరి భాగం వారు కాపీ చేసుకోనివ్వండి. ఎవరైనా నడుపుతామంటే ఓనర్‌షిప్ వాళ్ళ పేరుకి మార్చండి. సెట్టింగుల్లో సభ్యుల జాబితా తెరిచి, వాళ్ళ పేరు పక్కన మెనూలో చూస్తే ఆ ఆప్షన్ కనిపిస్తుంది.