కాలవకి ఎదురెక్కే వైరస్

చిన్నీ, బుజ్జీ,

మొన్న సత్యనారాయణపురంలో కుక్క కరిచి చిన్నిగాడికి సూది వేయించి తీసుకొస్తుంటే ఆటోలో అడిగాడు కదా, కాలు మీద కరిస్తే వైరస్‌కి మెదడు దాకా దారి ఎలా తెలుస్తుంది తాతయ్యా అని, అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయా, అదే మనసులో ఉండిపోయింది, అందుకే రాస్తున్నా.

బ్యారేజి దగ్గర మన ఏలూరు కాలవ, బందరు కాలవ చూశారుగా, నీళ్లు ఎప్పుడూ కిందకే పోతాయి. రేబిస్ మాత్రం ఎదురెక్కుతుంది. ఒక నరం సెల్ ఇంకోదానికి కబురు పంపుతుంది కదా, ఈ వైరస్ కబురు అందుకున్న సెల్‌లోంచి పంపినదాంట్లోకి దూకుతుంది, అక్కణ్ణించి దానికి పంపినదాంట్లోకి, అలా మెదడు దాకా.

మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లు, అంటే ఆ నరం సెల్స్, ఉంటాయి, వాటిలో ఏది దేనితో మాట్లాడుతుందో తెలుసుకోవడానికి ఈ గుణమే సైంటిస్టులకి పనికొచ్చింది. కాకపోతే వైరస్ ఆగకుండా దూకుతూ పోతే మెదడంతా పాకుతుంది, ఎవరు నేరుగా కనెక్ట్ అయ్యారో తెలీదు. 2007లో అమెరికాలో సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో విక్కర్‌షామ్, క్యాలవే వాళ్ల టీమ్ దీనికి ఒక ఉపాయం చేశారు, నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

వైరస్ ఒక సెల్ నుంచి ఇంకోదానికి దూకాలంటే దాని పైతొడుగులో జి అనే ప్రోటీన్ ఉండాలి. ఆ ప్రోటీన్‌ని తయారుచేయించే జీన్ తీసేసి, ఆ చోట జెల్లీఫిష్ నుంచి వచ్చిన ఆకుపచ్చరంగు జీన్ పెట్టారు. పైన పక్షుల వైరస్ తొడుగు వేశారు, ఎలుక సెల్స్‌కి ఆ తొడుగుని లోపలికి రానిచ్చే తలుపు ఉండదు, తాము ఎంచుకున్న సెల్స్‌కి మాత్రమే ఆ తలుపు పెట్టి, వాటికే జి ప్రోటీన్ కూడా ఇచ్చారు. వైరస్ అందులోకి వెళ్లింది, అక్కడ జి దొరికింది కాబట్టి ఒక్క గెంతు గెంతింది, వెళ్లిన చోట జి లేదు, ఇక కదల్లేదు. నీలం లైట్ వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే ఆ సెల్‌కి నేరుగా కబుర్లు పంపేవి, సన్నటి కొమ్మలతో సహా, పచ్చగా వెలుగుతాయి!

అసలు రేబిస్‌కి మాత్రం ఆ జి ఉంటుంది బాబూ, అందుకే అది నరంలోకి ఎక్కకముందే పట్టుకోవాలి. గాయాన్ని వెంటనే ట్యాప్ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగించింది అందుకే. 28వ రోజు సూది ఇంకా ఉంది, బుజ్జీ, క్యాలెండర్‌లో రౌండ్ చుట్టి పెట్టు.

మీ తాతయ్య